కారని పెట్టె ఉంటుందా?

పిల్లలూ! సైకిలు ట్యూబుకు చిల్లి పడితే షాపువాడు ఏం చేస్తాడో మీరంతా చూచే ఉంటారు. ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, తొట్టిలో నీళ్లలో ముంచి మెల్లగా తిప్పుతాడు. ఒకచోట బుడబుడమని బుడగలు లేస్తాయి. వెంటనే అక్కడ గుర్తు పెడతాడు. చిల్లి ఎంత చిన్నదంటే కంటికి కనబడదు. కాని అందులోనుంచి వచ్చే గాలి దాని జాడ చెప్పేస్తుంది.

కొల్లేటి వైపు ఊళ్ల పిల్లలు ఇంకొకటి కూడా చూచి ఉంటారు. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చేపల చెరువులకు చేపపిల్లలను పాలిథీన్ సంచుల్లో తెస్తారు. సంచిలో కొంత నీరు పోసి, పై భాగమంతా ఆక్సిజన్ నింపి, మూతి మెలిపెట్టి బిగించి కడతారు. ఆ సంచికి సూదిమొన అంత చిల్లి ఉన్నా సరే, దారిలో ఆక్సిజన్ పోతుంది. చెరువు చేరేసరికి పిల్లలు చచ్చి తేలతాయి. అందుకని కట్టిన సంచిని అరచేతులతో నొక్కి, మెత్తబడుతున్నదేమో చూచి మరీ వ్యానులోకి ఎక్కిస్తారు.

ఈ రెండు పనులనూ లీకు పరీక్ష అనవచ్చు. ఈ నెల నేను మీకు చెప్పబోయేది కూడా ఒక లీకు పరీక్ష సంగతే. కాని ఈ పెట్టెలో ఉండేది గాలీ కాదు, చేపపిల్లలూ కావు. రేడియో ధార్మిక పదార్థం!

ఆ పదార్థానికి ప్రయాణం ఎందుకు?

కొన్ని పదార్థాల పరమాణువులు నిలకడగా ఉండలేవు. తమంతట తాము మార్పు చెందుతూ, కంటికి కనబడని కిరణాలను వెదజల్లుతూ ఉంటాయి. ఇవే రేడియో ధార్మిక పదార్థాలు. ఈ కిరణాలు ఎక్కువగా తగిలితే ఒంటికి హాని. కాని వాటిని అదుపులో పెట్టుకుంటే ఎంతో మేలు. కోబాల్టు-60 కిరణాలతో క్యాన్సరు వ్రణాలను మాడుస్తారు. అయోడిన్-131తో గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి జబ్బులకు వైద్యం చేస్తారు. ఆసుపత్రిలో వాడే సిరంజీలను, దూదిని పెట్టె విప్పకుండానే కిరణాలతో శుద్ధి చేస్తారు. ఈ పనికి ముంబయి దగ్గర ట్రాంబేలో 1974లోనే ఒక కేంద్రం ప్రారంభమైంది.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు మీకు తెలియనిది కాదు. అక్కడికి కర్నూలు సరుకుతో పాటు మహారాష్ట్ర సరుకు కూడా వస్తుంది. ఆ మహారాష్ట్రలో, నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో, ఉల్లిపాయలు నిల్వలో మొలకెత్తకుండా కోబాల్టు కిరణాలు తగిలించే కేంద్రాన్ని 2002లో నెలకొల్పారు. కిరణాలు తగిలినంత మాత్రాన ఉల్లిపాయ రేడియో ధార్మికం కాదు. ఎండలో పెట్టిన వడియం దీపంలా వెలగదు గదా! ఇదీ అంతే.

అయితే ఈ పదార్థాలు తయారయ్యే చోటు ఒకటి, వాడే చోటు ఇంకొకటి. మన దేశంలో కోబాల్టు-60 అణు విద్యుత్ రియాక్టర్లలో తయారవుతుంది. అది వందల మైళ్లు ప్రయాణం చేసి ఆసుపత్రికి చేరాలి. పోనీ ఒకేసారి తెచ్చి నిల్వ చేసుకుందామా అంటే వీలుకాదు. కోబాల్టు-60 బలం సుమారు అయిదుంబావు ఏళ్లకు సగమవుతుంది. అయోడిన్-131 అయితే ఎనిమిది రోజులకే సగం. మీ డబ్బాలో నూరు రూపాయలు వేసుకుంటే ఎనిమిది రోజులకు యాభై, పదహారు రోజులకు ఇరవై అయిదు మిగిలితే ఎట్లా ఉంటుందో ఊహించండి. కనుక మళ్లీ మళ్లీ తెచ్చుకోక తప్పదు.

అందువల్లనే ప్రపంచమంతటా ఈ పెట్టెలు రోడ్ల మీద, ఓడల్లో, విమానాల్లో నిత్యం ప్రయాణం చేస్తూ ఉంటాయి. కలకత్తా నుంచి మద్రాసుకు పోయే పదహారవ నెంబరు జాతీయ రహదారి మన తాడేపల్లిగూడెం, ఏలూరుల మీదుగానే పోతుంది. అటువంటి పెద్ద రోడ్డు మీద ఏ బండి మీదనైనా మూడు రెక్కల పంకా వంటి నల్లని గుర్తు కనబడితే, అందులో ఉన్నది రేడియో ధార్మిక పదార్థమని తెలుసుకోండి.

వెలుగు వేరు, నూనె వేరు

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గ్రహించాలి. కిరుసనాయిలు లాంతరును తలచుకోండి. గాజు చిమ్నీలోనుంచి వెలుగు బయటికి వస్తుంది. నూనె మాత్రం అడుగున బుడ్డిలోనే ఉంటుంది. రేడియో ధార్మిక పదార్థం నూనె అనుకుంటే, దాని కిరణాలు వెలుగు అన్నమాట. లాంతరును అవతలికి తీసుకుపోతే వెలుగు కూడా దానితో పోతుంది. కాని బుడ్డి కారి నూనె మీ చొక్కాకు అంటుకున్నదనుకోండి. అది మీతో ఇంటికి వస్తుంది. మీ చేతులకు, మీ కంచానికి, మీ తమ్ముడి చేతులకు కూడా అంటుతుంది.

కాబట్టి పెట్టెకు రెండు పనులున్నవి. వెలుగును తగ్గించాలి. అందుకు మందమైన సీసపు గోడలుంటాయి. నూనెను కారనివ్వకూడదు. అందుకు బిగువైన మూత ఉంటుంది. సీసపు గోడ ఎంత మందంగా ఉన్నా మూత సందులోనుంచి పొడి రాలితే ఏం లాభం?

1987లో బ్రెజిల్ దేశంలోని గొయానియా నగరంలో జరిగినదాన్ని వినండి. మూసివేసిన ఒక వైద్యశాలలో పాత కిరణచికిత్స యంత్రం దిక్కులేకుండా పడి ఉన్నది. దాన్ని పాత ఇనుము అనుకుని కొందరు విప్పుకుపోయారు. లోపలి లోహపు బిళ్లను పగలగొట్టారు. అందులో సీజియం-137 పొడి ఉన్నది. చీకట్లో నీలంగా మెరుస్తున్న ఆ పొడిని వింతగా చూచి, చుట్టాలకూ స్నేహితులకూ పంచిపెట్టారు. నలుగురు చనిపోయారు. వారిలో ఒకతె ఆరేళ్ల పాప. లక్షకు పైగా జనాన్ని పరీక్షించవలసి వచ్చింది. మన ఢిల్లీలో కూడా 2010లో, మాయాపురి పాత ఇనుము బజారుకు చేరిన కోబాల్టు-60 వల్ల ఒక మనిషి ప్రాణం పోయింది. ఈ రెండూ ప్రయాణంలో జరిగిన ప్రమాదాలు కావు. కాని మూసి ఉండవలసినది తెరచుకుంటే ఏమవుతుందో ఇవి చెబుతాయి.

మూత దగ్గరనే ఉన్నది కిటుకు

ఇంట్లో అమ్మ ప్రెషరు కుక్కరు మూత లోపల గాస్కెట్టు పెడుతుంది. ఇనుము మీద ఇనుము ఎంత గట్టిగా బిగించినా సన్నని సందు ఉండిపోతుంది. మెత్తని రబ్బరు నలిగి ఆ సందులో నిండితేనే ఆవిరి ఆగుతుంది. రేడియో ధార్మిక పదార్థాల పెట్టెలకు కూడా గాస్కెట్టే ప్రాణం. పెద్ద పెట్టెల మూతకు చాలాసార్లు రెండు రబ్బరు వలయాలు, ఒకదాని లోపల ఒకటి, గాడిలో అమరుస్తారు. రెండు వలయాల నడుమ ఉన్న సన్నని ఖాళీలోకి ఒక చిన్న రంధ్రం విడిచిపెడతారు.

ఆ రంధ్రం ఎందుకో తెలుసునా? పరీక్ష కోసం! మూత బిగించిన తరువాత, ఆ ఖాళీలోని గాలిని పంపుతో లాగేసి, కవాటం మూసి, మీటరు వంక చూస్తూ కూర్చుంటారు. ముల్లు కదలకపోతే మేలు. ముల్లు మెల్లగా పైకి లేస్తే ఎక్కడినుంచో గాలి లోనికి జొరబడుతున్నదన్నమాట. ఇంత పెద్ద పెట్టెనంతా పరీక్షించే బదులు, వేలెడంత ఖాళీని పరీక్షిస్తే చాలునని కనిపెట్టిన వారి తెలివి చూడండి! అయితే ఆ సమయంలో వేడి మారకూడదు. ఎండలో పెట్టిన సైకిలు ట్యూబు దానంతట అదే బిగుసుకుంటుంది గదా. వేడెక్కితే లీకు లేకపోయినా ముల్లు కదులుతుంది. అందుచేత పీడనంతో పాటు ఉష్ణోగ్రతను కూడా రాసుకుంటారు.

"కారుతుందా?" కాదు, "ఎంత?"

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. బొత్తిగా కారని పెట్టె ఉంటుందా?

కొల్లేట్లో దోనెలు నడిపేవారిని అడగండి. దోనెలోకి కొంచెం కొంచెంగా నీరు ఊరుతూనే ఉంటుంది. వారు డబ్బాతో తోడి పారబోస్తూ సాగిపోతారు. నీరు ఊరుతున్నదా లేదా అని వారు బెంగపడరు. ఎంత వేగంగా ఊరుతున్నదని చూస్తారు. శాస్త్రజ్ఞులు కూడా సరిగ్గా అట్లాగే ఆలోచిస్తారు. రబ్బరులోనుంచి కూడా వాయువు పరమాణువులు అతి నెమ్మదిగా దూరిపోగలవు. కనుక "లీకు లేదు" అంటే శాస్త్రంలో అర్థం లేదు. "ఇంతకంటె తక్కువ" అని లెక్క చెప్పాలి.

అమెరికాలో ఈ పెట్టెల పరీక్షకు వాడే ప్రమాణం ప్రకారం, సెకనుకు ఒక ఘన సెంటీమీటరులో కోటవ వంతుకు మించి గాలి పోకపోతే, దాన్ని "లీకు లేనిది"గా లెక్కిస్తారు. కోటవ వంతు అంటే ఎంత? పలక తీయండి, లెక్క కడదాం.

ఒక ఘన సెంటీమీటరు గాలి పోవాలంటే కోటి సెకన్లు పట్టాలి. రోజుకు 86,400 సెకన్లు. కోటిని 86,400తో భాగిస్తే సుమారు 116 రోజులు. అంటే చిన్న పాచిక అంత గాలి కారడానికి నాలుగు నెలలు కావస్తుంది!

ఇంకొక లెక్క. ఈ పెట్టెను మన సైకిలు షాపు తొట్టిలో ముంచామనుకోండి. ఒక మిల్లీమీటరు అడ్డుకొలత ఉన్న బుడగ, అంటే సన్న ఆవగింజ అంతది, తయారు కావడానికి సుమారు 87 నిమిషాలు పడుతుంది. నీళ్ల వంక రెప్పవేయకుండా గంటన్నర కూర్చున్నా ఒక్క బుడగ! కనుక పెద్ద లీకులను పట్టడానికి నీటి తొట్టి చాలు. ఇంత చిన్న లీకును పట్టడానికి వేరే ఉపాయం కావాలి.

గుంటూరులో జాడ తెలిసిన వాయువు

ఆ ఉపాయం పేరు హీలియం. దీనికీ మన ప్రాంతానికీ ఒక చుట్టరికం ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని పరిశీలించడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ మన కొల్లేటికి దగ్గరలోనే ఉన్న మచిలీపట్నంలో మకాం వేశాడు. సూర్యుని అంచున లేచే జ్వాలల వెలుగును పట్టకం గుండా చూచినప్పుడు ఒక పసుపు గీత కనబడింది. అది భూమి మీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తరువాత ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. సూర్యుని గ్రీకు పేరైన "హీలియోస్" నుంచి ఆ పదార్థానికి హీలియం అనే పేరు వచ్చింది. 1895లో రామ్సే అదే వాయువును భూమి మీద, యురేనియం ఉన్న ఒక ఖనిజంలో కనుగొన్నాడు. యురేనియం వంటి రేడియో ధార్మిక పదార్థాల నుంచే హీలియం పుడుతుందని ఆ తరువాత తెలిసింది. ఆ పదార్థాల పెట్టెలకు కాపలా కాస్తున్నది కూడా ఇదే!

లీకు పట్టడానికి హీలియమే ఎందుకు? దాని పరమాణువులు చాలా చిన్నవి. ఎంత సన్నని సందులోనైనా దూరుతాయి. అది మండదు, విషం కాదు, దేనితోనూ కలవదు. పైగా మామూలు గాలిలో పది లక్షల పాళ్లకు అయిదు పాళ్లు మాత్రమే ఉంటుంది. కాబట్టి అనుకోని చోట హీలియం ఎక్కువగా కనబడితే, అది మనం వదిలినదే.

పరీక్ష ఇట్లా చేస్తారు. మూత వలయాల నడుమ ఉన్న గాలినంతా లాగేసి, ఆ ఖాళీని ఒక యంత్రానికి కలుపుతారు. మూత చుట్టూ హీలియం ఊదుతారు. సందు ఉంటే హీలియం దూరి యంత్రంలోకి చేరుతుంది. ఆ యంత్రం పరమాణువులకు విద్యుదావేశం ఇచ్చి అయస్కాంతం నడుమగా పంపుతుంది. మీరు కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూచారు గదా. గాలికి తేలికపాటి తాలు దూరంగా పడుతుంది, గట్టి గింజ దగ్గరగా పడుతుంది. అట్లాగే తేలికైన హీలియం ఎక్కువగా వంగి ఒక దారిన, బరువైన ఇతర వాయువులు తక్కువగా వంగి వేరొక దారిన పోతాయి. హీలియం దారిలో ఎన్ని వచ్చాయో యంత్రం లెక్కబెడుతుంది. ఈ యంత్రాన్ని 1940లలో అమెరికాలో యురేనియం కర్మాగారాల లీకులు పట్టడానికి నియర్ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించాడు.

ఇటువంటి పరీక్షలకు మంచి శూన్యం కావాలి, అంటే పాత్రలోని గాలిని దాదాపు పూర్తిగా తోడివేయగలగాలి. ఆ విద్య మీద ఒక పెద్ద పుస్తకం రాసినవాడు మన పశ్చిమగోదావరి వాడే! భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసి అయి, తరువాత ప్రాగ్, లివర్‌పూల్ విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు చేశాడు. ఆయన ఇంగ్లీషులో రాసిన "హై వాక్యువా" 1947లో అచ్చయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసి, 1969లో కన్నుమూశాడు.

పడవేసి, కాల్చి, ముంచి

బీరువాలో పెట్టిన పెట్టె కారకపోవడం గొప్ప కాదు. లారీ బోల్తా పడితే? నిప్పంటుకుంటే? కాలువలో పడితే? అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961లో ఈ ప్రయాణాలకు మొదటిసారి నియమాలు ప్రకటించింది. కాలానుగుణంగా వాటిని సవరిస్తూ వస్తున్నారు. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఈ నియమాలను అమలు జరుపుతుంది.

కొద్దిపాటి మందు వెళ్లేవి "ఎ" రకం పెట్టెలు. వీటిని గంటసేపు జోరువానలో తడిపినట్టు తడుపుతారు. 1.2 మీటర్ల ఎత్తునుంచి పడవేస్తారు. వాటి బరువుకు అయిదు రెట్లు పైన పేర్చి ఒక రోజంతా ఉంచుతారు. ఆరు కిలోల ఇనుప కడ్డీని మీటరు ఎత్తునుంచి వాటి మీద వదులుతారు.

కోబాల్టు-60 వంటిది పెద్ద మొత్తంలో వెళ్లేవి "బి" రకం పెట్టెలు. వీటికి పరీక్షలు చాలా కఠినం. తొమ్మిది మీటర్ల ఎత్తునుంచి, అంటే సుమారు మూడంతస్తుల మేడ మీదనుంచి, ఏమాత్రం లొంగని ఉక్కు నేల మీద పడవేస్తారు. నేలను తాకేటప్పుడు వేగం గంటకు 48 కిలోమీటర్లు. తరువాత మీటరు ఎత్తునుంచి, నిలువుగా పాతిన పదిహేను సెంటీమీటర్ల అడ్డుకొలత గల ఉక్కు కడ్డీ మీద పడవేస్తారు. ఆ దెబ్బలు తిన్న పెట్టెనే 800 డిగ్రీల మంటలో అరగంట కాలుస్తారు. పదిహేను మీటర్ల లోతు నీటిలో ఎనిమిది గంటలు ఉంచే పరీక్ష కూడా ఉన్నది. కొల్లేట్లో చాలా చోట్ల మనిషి లోతు కూడా ఉండదు. పదిహేను మీటర్లంటే ఎంతో ఆలోచించండి!

ఇదంతా అయిన తరువాత పెట్టె సొట్టలు పోవచ్చు, రంగు మాడవచ్చు. దానికేమీ మార్కులు తగ్గవు. లీకు ఎంత అన్నదే ప్రశ్న. ఇంత దెబ్బ తిన్న తరువాత కూడా, వారం రోజుల్లో బయటపడే పదార్థం నియమంలో రాసిన హద్దు దాటకూడదు.

ఒక్కసారి పరీక్షిస్తే చాలదా?

చాలదు. నమూనా తయారైనప్పుడు ఒకసారి, కొత్త పెట్టె చేసినప్పుడు ఒకసారి, వాడుతున్న కాలంలో వాయిదా ప్రకారం మళ్లీ, సరుకు నింపి మూత బిగించిన తరువాత బయలుదేరే ముందు మళ్లీ పరీక్షిస్తారు. ఎందుకంటే రబ్బరు ముదిరి గట్టిపడుతుంది. గాడిలో వెంట్రుక పడుతుంది. బోల్టు వదులవుతుంది. నిన్న నెగ్గిన పెట్టె ఇవాళ ఓడిపోవచ్చు.

2023 జనవరిలో ఆస్ట్రేలియాలో ఏమైందో చూడండి. ఒక ఇనుప గని నుంచి పెర్త్ నగరానికి లారీ మీద ఒక కొలత పరికరం బయలుదేరింది. అందులో 6 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 8 మిల్లీమీటర్ల పొడవు గల సీజియం-137 బిళ్ల ఉన్నది. మీ చిటికెన వేలి గోరంతది! దాదాపు 1,400 కిలోమీటర్ల కుదుపులకు పరికరం విడిపోయింది. ఒక బోల్టు ఊడింది. ఆ బోల్టు కన్నంలోనుంచి బిళ్ల రోడ్డు మీద జారిపడింది. పెట్టె 16వ తేదీన పెర్త్ చేరినా, 25న విప్పేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. కిరణాలను పసిగట్టే పరికరాలతో రోడ్డంతా వెదికి, ఫిబ్రవరి 1న రోడ్డు అంచుకు రెండు మీటర్ల దూరంలో దాన్ని పట్టుకున్నారు. అదృష్టవశాత్తు ఎవరికీ హాని కలగలేదు. పైకి పెట్టె చక్కగానే కనబడింది. కంటితో చూడడం, పరీక్షించడం ఒకటి కావని ఇందువల్ల తెలుస్తున్నది.

మీరే చేసి చూడండి

వెల్డింగు చేసి మూసిన చిన్న బిళ్లలను పరీక్షించే పద్ధతులలో ఒకటి మీరు ఇంట్లో చేయవచ్చు. మూత ఉన్న ఖాళీ ప్లాస్టిక్ సీసాను కాసేపు చల్లని చోట ఉంచి, మూత గట్టిగా బిగించండి. స్నానానికి తోడుకున్నంత వేడి నీళ్లు పెద్దవారి చేత బకెట్టులో పోయించుకోండి. సీసాను తలకిందులుగా ముంచి పట్టుకోండి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి దారి వెదుకుతుంది. మూత దగ్గర బుడగలు వస్తే లీకున్నట్టే. మూత కొద్దిగా వదులు చేసి మళ్లీ చూడండి. ఎన్ని తిప్పులకు బుడగలు మొదలవుతాయో పుస్తకంలో రాసుకోండి. శాస్త్రజ్ఞులైతే నీటిని 90 డిగ్రీలకు పైగా కాస్తారు. మీరు ఆ పని చేయవద్దు. వారు ఆ బిళ్లను తడి దూదితో తుడిచి, దూదికి ఏమైనా అంటిందేమో కూడా యంత్రంతో చూస్తారు.

చివరిగా ఒక మాట. మూడు రెక్కల గుర్తు ఉన్న పెట్టె గాని, బరువైన వింత లోహపు బిళ్ల గాని రోడ్డు పక్కన, పాత ఇనుము కొట్టులో, మరెక్కడైనా పడి ఉండగా చూస్తే ముట్టుకోకండి. స్నేహితులను పిలిచి చూపకండి. దూరంగా జరిగి, ఇంకెవరినీ దగ్గరికి పోనివ్వకుండా, పెద్దవారికి చెప్పి పోలీసులకు కబురు పంపించండి. లీకు పరీక్షలు చేసేవారు తమ పని చేస్తారు. ఈ పని మాత్రం మీది.